గెస్టు, విజిటరు, ఎడమకాలి చెప్పు

పోయిన వారం అన్నవరంలో నా చెప్పు పోయింది. చెప్పులు కాదు, ఒక్క చెప్పు. దర్శనం చేసుకుని ప్రసాదం పొట్లంతో కిందికొచ్చి చూస్తే కుడికాలిది విడిచిన చోటే బుద్ధిగా ఉంది. ఎడమకాలిది లేదు. పక్కన కొబ్బరికాయలమ్మే ఆవిడ "కుక్క పట్టుకుపోయుంటదండీ, పొద్దుటినుంచి ఇది మూడోది" అని సానుభూతి చూపించింది. నేను మాత్రం చుట్టూ వెతుకుతున్నాను. కుక్క కోసం కాదు. చేతికర్ర ఆనించుకుని, ఏమీ ఎరగనట్టు ఆకాశంలోకి చూస్తూ నిలబడే ఒక ముసలాయన కోసం.

నా భార్య నా ముఖం చూసి సంగతి పట్టేసింది. "ఇక్కడిదాకా వచ్చేరంటారా ఏంటండీ ఆయన?" అంది. ఇద్దరం అక్కడే మెట్టు మీద కూలబడి, వచ్చేపోయేవాళ్ళు వింతగా చూస్తున్నా లెక్కచేయకుండా, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వుకున్నాం. ఆయన పోయి రెండేళ్ళయింది.

ఆయనంటే మాస్టారు. రామచంద్రపురానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో, కాలవగట్టునున్న ఒక ఊరి హైస్కూల్లో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకూ తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. దాన్ని ఎవరూ వాడగా నేను వినలేదు. నేను పశువుల డాక్టర్ని. ఆయన ఇంటికి నన్ను తీసుకెళ్ళింది ఆయన గేదె దొరసాని. గేదెకి ఆ పేరెందుకంటే ఆయన దానితో ఇంగ్లీషులో మాట్లాడేవారు గనక. "ప్లీజ్ మూవ్ అండీ" అనేవారు. ఆశ్చర్యం ఏమిటంటే అది కదిలేది. గేదెని కూడా అండీ అని పిలిచే మనిషిని నేను మా పల్నాడులో చూడలేదు, గోదావరి జిల్లాలోనూ ఈయన ఒక్కర్నే చూశాను.

మాస్టారికి ఒక సిద్ధాంతం ఉండేది. "ఇంగ్లీషులో ఏ రెండు మాటలకీ ఒకే అర్థం ఉండదండి డాక్టరు గారూ. ఉందని డిక్షనరీ చెప్పిందంటే, ఆ పేజీ రాసేటప్పుడు దొరగారికి కునుకు పట్టిందన్నమాట" అనేవారు. బళ్ళో ఆయన పాఠం చెప్పే పద్ధతి కూడా అదేనట. నల్లబల్ల మధ్యలో నిలువుగా గీత గీసి, ఇటొక మాట, అటొక మాట రాసేవారు. అర్థాలు చెప్పేవారు కాదు. ఊళ్ళోంచి ఉదాహరణలు తెచ్చి గీతకి ఇటూ అటూ పడేసేవారు. రిటైరయ్యాక నల్లబల్ల లేకపోయినా గీత మానలేదు. ఇంటికొచ్చిన ప్రతివాడి మీదా గీసేవారు.

ఒకసారి నేను దొరసానికి టీకా వేస్తుంటే హియర్‌కీ లిజన్‌కీ తేడా చెప్పారు. "మా ఆవిడ మాట్లాడుతుంటే నేను హియర్ చేస్తానండి. దొరసాని అరిస్తే లిజన్ చేస్తాను."

వంటింట్లోంచి అమ్మగారి గొంతు వినిపించింది. "నాకు వినపడుతోందండీ!"

"చూశారా," అన్నారు మాస్టారు గొంతు తగ్గించి, "ఆవిడ లిజన్ చేస్తోంది."

అన్ని జంటల్లోకీ ఆయనకి ప్రాణప్రదమైనవి గెస్టు, విజిటరు. ఈ రెండూ ఒకటే అన్నవాడితో ఆయన పేచీకి దిగేవారు. ఆయన లెక్కలో విజిటరంటే పని ఉండి వచ్చేవాడు, గెస్టంటే పని మానుకుని వచ్చేవాడు. విజిటరు గడియారం చూస్తాడు. గెస్టు వచ్చాడంటే మనమే గోడ మీద గడియారం తీసి బీరువాలో పెట్టాలి. విజిటరుకి కాఫీ ఇవ్వాలి. గెస్టుని ఏం తాగుతారని అడగనే కూడదు, కాళ్ళకి నీళ్ళిచ్చి ఆకు వెయ్యాలి. గ్యాస్ సిలిండరు తెచ్చేవాడు విజిటరు. దోమ గెస్టు. కరెంటు విజిటరు, కరెంటు కోత గెస్టు. ఒక ఏడు కాలవకి గండిపడి నీళ్ళు వీధరుగు దాకా వచ్చి సాయంత్రానికి తీసేస్తే "విజిట్ చేసి వెళ్ళిందండి" అన్నారు. మరుసటేడు నీళ్ళు ఇంట్లోకొచ్చి మూడు రోజులున్నాయి. మంచం మీద మంచం వేసుకుని పైన కూర్చుని, "ఈ ఏడు గెస్టుగా వచ్చింది, మర్యాదలు చేస్తున్నాం" అని నాకు ఫోన్ చేసి చెప్పారు. వెనకనుంచి అమ్మగారు, "బియ్యం తడిసిపోయేయి మొర్రో అంటే ఈయనగారి ఇంగ్లీషు ఈయనగారిది" అంటున్నారు.

మరి ఇంటికొచ్చినవాడు గెస్టో విజిటరో తెలిసేదెలా? అక్కడికే వస్తున్నాను. చుట్టం బయలుదేరుతుంటే చెప్పులు దాచెయ్యడం చాలా ఇళ్ళల్లో ఉన్నదే. పిల్లలు దాస్తారు, పెద్దవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకుంటారు, చుట్టం కాసేపు వెతికి, కోప్పడినట్టు నటించి, ఇంకో పూట ఉండిపోతాడు. మాస్టారింట్లో ఆ పని డెబ్భై దాటిన మాస్టారే చేసేవారు. అదీ ఎడమకాలిది మాత్రమే. ఎందుకండీ అంటే, "రెండూ దాస్తే దొంగతనం, ఒకటి దాస్తే మర్యాద" అన్నారు. పైగా ఎడమకాలిదే ఎందుకనేదానికి కూడా కారణం ఉంది. బయలుదేరే మనిషి కుడికాలు ముందు పెడతాడు, అది శుభం, పెట్టనివ్వాలి. రెండో కాలు దగ్గర ఆపాలి.

ఆయన ఆ పని చేసే తీరు చూసి తీరాలి. వసారాలో పడక్కుర్చీలో కూర్చుని గెస్టుతో ఊడ్పుల గురించో కొబ్బరికాయల ధర గురించో మాట్లాడుతూనే ఉండేవారు. ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు. చేతికర్ర మాత్రం మెల్లగా అరుగు దిగి, దాని వంపుతో ఎడమకాలి చెప్పుని తగిలించుకుని, అంగుళం అంగుళం కుర్చీ కిందకి లాక్కొచ్చేది. అప్పుడు ఆయన "ఒక్క నిమిషం" అని లేచి, చెప్పు పంచె చాటున పెట్టుకుని పెరట్లోకి నడిచేవారు. గడ్డిమేటులో దాచేవారు. గోనెసంచుల కింద దాచేవారు. ఒకసారి ఒక పెళ్ళిళ్ళ పేరయ్య గారి చెప్పుని అరటిగెల మధ్యలో దోపారట. ఊరి జనానికి ఇదంతా తెలుసు. మాస్టారింట్లో చెప్పు పోయిందంటే ఆ మనిషికి ఊళ్ళో గౌరవం పెరిగేది. పోనివాళ్ళు ఆ ఊసెత్తేవారు కాదు.

నాది పోయేది కాదు.

ఇది మీకు చిన్న విషయంగా తోచవచ్చు. నా పరిస్థితి వినండి. నేను ఈ జిల్లాకి వచ్చిన కొత్తలో సన్నగా ఉండేవాణ్ణి. గేదెకి ఇంజెక్షన్ చేసి చేతులు కడుక్కునేలోపు ఆకు వేసేసే జనం వీళ్ళు. వద్దంటే వినరు, చాలంటే నమ్మరు. రెండేళ్ళలో నా చొక్కాలన్నీ మా తమ్ముడికి ఇచ్చెయ్యాల్సి వచ్చింది. అలాంటి చోట, నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి ఇంట్లో, పదకొండేళ్ళపాటు నేను తాగింది కాఫీ. వసారాలో నిలబడి, గ్లాసుతో. ఆ ఇంట్లోంచి పనసపొట్టు కూర తాలింపు వాసన వస్తుంటే నేను బ్యాగు సర్దుకుని బయటికొచ్చేవాణ్ణి. అరుగు కింద నా చెప్పులు జంటగా, ముచ్చటగా, వేళ్ళ వైపు వీధికి తిరిగి ఉండేవి. నేను విడిచేటప్పుడు ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ విసిరేసినా సరే, తిరిగొచ్చేసరికి అలాగే ఉండేవి. ఇక దయచేయండి అన్నట్టు ఉండేది నాకు.

ఇంటికి రాగానే నా భార్య అడిగేది: "ఇవాళైనా దాచేరా?"

ఆవిడది సామర్లకోట. మర్యాదలు పుట్టుకతో తెలిసిన మనిషి. "మీలోనే ఏదో లోపం ఉందండి" అని తేల్చింది. ఆవిడ సలహా మీద ఒక ఆదివారం మందుల బ్యాగు లేకుండా, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మడతకాజాల పొట్లం పట్టుకుని వెళ్ళాను. మాస్టారు పొట్లం అందుకుని, "దొరసాని పాకలో ఉందండి" అన్నారు. ఇంకోసారి కొత్త చెప్పులు కొన్నాను. తోలువి, చూస్తేనే దాచాలనిపించేవి. వాటిని ఆయన కుర్చీకి జానెడు దూరంలో, కర్రకి సులువుగా అందేట్టు విడిచి, పాకలో కావాలని అరగంట కాలక్షేపం చేశాను. నాడి చూశాను, పళ్ళు లెక్కపెట్టాను, తోక కూడా పరీక్షించాను. దొరసాని నావైపు జాలిగా చూసింది. బయటికొచ్చేసరికి కొత్త చెప్పులు వీధి వైపు తిరిగి మెరుస్తున్నాయి.

"చెప్పులు బాగున్నాయండి," అన్నారు మాస్టారు. "వేగంగా నడవడానికి బాగుంటాయి."

ఇక బూటు సంగతి. ఒకరోజు పొద్దున్నే మాస్టారు ఫోన్ చేసి, దొరసాని నెమరు వెయ్యడం లేదు, మేత ముట్టడం లేదు, వెంటనే రమ్మన్నారు. గొంతులో ఎప్పుడూ లేని కంగారు. వెళ్ళేసరికి ఇంటి ముందు కారొకటి ఆగి ఉంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. వసారాలో మాస్టారి వియ్యంకుడు, అంటే వాళ్ళమ్మాయి మామగారు, నల్లబూటు ఒకటి వేసుకుని, రెండో కాలికి మేజోడుతో కొంగలా నిలబడి ఉన్నారు. ఆయన సామర్లకోటలో రైలెక్కాలి. మాస్టారు ముందురోజే ఎడమకాలి బూటు దాచేశారు. అంతవరకూ బాగానే ఉంది. ఎక్కడ దాచారో మర్చిపోయారు.

"గడ్డిమేటు మూడుసార్లు తిరగేసేం డాక్టరు గారూ," అన్నారు అమ్మగారు. "ఇది నెమరు వెయ్యట్లేదు. ఈయనేమో బూటు గడ్డిలో పెట్టేనేమో, గడ్డితో పాటు ఇది మింగేసిందేమో అంటున్నారు."

"ఆ బూటు మడమకి ఇనపనాడా కూడా ఉంది," అన్నారు వియ్యంకుడు గారు.

బూటు మింగిన గేదె గురించి మాకు కాలేజీలో చెప్పలేదు. అయినా డాక్టరన్నాక ధైర్యంగా కనిపించాలి. పాకలోకి వెళ్ళి దొరసాని ఎడమ డొక్క మీద స్టెతస్కోపు పెట్టాను. గేదె పెద్దపొట్ట ఆ పక్కనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉంటే నిమిషానికి ఒకటి రెండుసార్లు దూరంగా ఉరుము ఉరిమినట్టు వినిపిస్తుంది. నాకు వినిపించింది ఉరుము కాదు. దబ్. కాసేపాగి మళ్ళీ దబ్. తర్వాత దబ్, దబ్, దబ్.

నా ఇన్నేళ్ళ సర్వీసులో ఏ పొట్టా అలా చప్పుడు చెయ్యలేదు. గేదె పొట్టలో బూటు వేసుకుని ఎవరో నడుస్తున్నట్టే ఉంది. తల తిప్పి చూస్తే పాక గుమ్మంలో వియ్యంకుడు గారు ఒంటికాలి మీద, మాస్టారు కర్ర గుండెకి హత్తుకుని, అమ్మగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నావైపే చూస్తున్నారు.

"ఏం వినపడుతోందండీ?" అన్నారు మాస్టారు.

"దబ్ దబ్‌మంటోందండి," అన్నాను.

"అయ్యయ్యో!" అన్నారు వియ్యంకుడు గారు. అది గేదె గురించో బూటు గురించో తెలియలేదు.

చెవుల్లోంచి స్టెతస్కోపు తీశాను. అయినా దబ్ దబ్ వినిపిస్తూనే ఉంది. గేదె పొట్టలోంచి కాదు, పాక గోడ అవతల్నుంచి. గోడ అవతల వాషింగ్ మిషన్ ఉంది. పొద్దున్నే అమ్మగారు అందులో దుప్పట్లు వేసి తిప్పారు. మాస్టారు రాత్రి పడుకోబోయే ముందు, ఎవరికీ తట్టని చోటు అని సంబరపడి, బూటుని అందులో పెట్టారు. మిషన్ ఆపి మూత తీస్తే దుప్పటి మడతల్లోంచి బూటు బయటపడింది. ఇనపనాడాతో సహా తళతళలాడుతోంది, కాకపోతే ఒక సైజు తగ్గింది.

దొరసాని జబ్బు కూడా తేలిపోయింది. వియ్యంకుడు గారి కోసం చేసినవాటిలో మిగిలిన పులిహోరా బూరెలూ మాస్టారు తట్టతో తీసుకెళ్ళి దానికి పెట్టారట. "ఇంట్లో గెస్టుకి విందు చేసి, దాన్ని విజిటరులా చూడ్డానికి మనసొప్పలేదండి" అన్నారు. అజీర్తి. వంటసోడా నీళ్ళల్లో కలిపి పట్టించి, రెండు గంటలు అక్కడే ఉన్నాను. అది నెమరు మొదలెట్టాకే లేచాను. వియ్యంకుడు గారికి రైలు తప్పిపోయింది. ఇంకో రెండు రోజులుండి, మరో నాలుగు కూరలు తిని, మాస్టారి హవాయి చెప్పులు వేసుకుని వెళ్ళారు. పోతూ పోతూ ఇంత మర్యాద ఎక్కడా ఎరగనన్నారని తర్వాత తెలిసింది.

ఆ మధ్యాహ్నం నాకు నమ్మకం కుదిరింది. గేదెని బతికించాను, బూటుని కనిపెట్టాను, వియ్యంకుడి దగ్గర వాళ్ళమ్మాయి పరువు నిలబెట్టాను. ఇంకేం కావాలి? అమ్మగారు కూడా "డాక్టరు గారికి ఆకు వేస్తున్నానండీ" అన్నారు లోపల్నుంచి. నేను కాళ్ళు కడుక్కోవడానికి చెంబు అందుకున్నాను. అప్పుడే నా ఫోన్ మోగింది. కాలవ అవతల ఊళ్ళో ఒక రైతు గేదె ఈనలేక అవస్థపడుతోంది, దూడ అడ్డం తిరిగింది. మాస్టారు నా ముఖం చూసి, చెంబు నా చేతిలోంచి తీసుకున్నారు.

"విజిటరు గారికి దారివ్వండి!" అని కేకేశారు.

చెప్పులు వీధి వైపు తిరిగి సిద్ధంగా ఉన్నాయి. కాళ్ళు దూర్చి బండెక్కేశాను. అవతలి ఊళ్ళో దూడ బతికింది, తల్లీ బతికింది. నాకు మాత్రం దారంతా పనసపొట్టు కూరే కళ్ళముందు. కోపం, ఆకలి, ఏడుపు అన్నీ కలిసి వచ్చాయి. తర్వాత వెళ్ళినప్పుడు సిగ్గు విడిచి అడిగేశాను.

"మాస్టారూ, నేనెప్పుడండీ గెస్టునయ్యేది?"

"అది నా చేతిలో లేదండి డాక్టరు గారూ. ఊళ్ళో గేదెల చేతిలో ఉంది."

"గేదెలకి చేతులుండవు కదండీ."

"అందుకే కదండీ మీరు కావాల్సొచ్చేరు," అని పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు. ఇదో వేళాకోళం అనుకుని ఊరుకున్నాను.

కొన్నాళ్ళకి మాస్టారికి మోకాళ్ళు బొత్తిగా సహకరించకుండా పోయాయి. దొరసానిని చూసుకోవడం కష్టమై, అమ్మగారి తమ్ముడి ఊరికి పంపేశారు. పంపేరోజు నేనే వెళ్ళి ఆరోగ్యం చూసి వ్యాను ఎక్కించాను. మాస్టారు దాని మెడ నిమిరి, "గో అండీ, గో" అన్నారు. అది ఆ ఒక్కసారీ ఆయన ఇంగ్లీషు అర్థం కానట్టు నిలబడిపోయింది.

ఆ తర్వాత నేను ఆ ఇంటికి వెళ్ళలేదు. అలా ఏడాది పైన గడిచిపోయింది. గేదె లేని ఇంటికి పశువుల డాక్టరు ఏమని వెళతాడు? ఎన్నోసార్లు వాళ్ళ వీధి మలుపు దాకా వెళ్ళాను. పని లేకుండా వెళితే ఏం బాగుంటుందని బండి తిప్పేసుకునేవాణ్ణి. ఇప్పుడు తల్చుకుంటే నన్ను నేను తిట్టుకోవాలనిపిస్తుంది. పని లేకుండా వెళ్ళేవాణ్ణి ఏమంటారో ఆ ఇంట్లోనే పదకొండేళ్ళు చెప్పించుకున్నాను. ఒక్క ముక్కా తలకెక్కలేదు.

మాస్టారు పోయారని పాలకేంద్రం కుర్రాడు ఫోన్ చేసినప్పుడు నేను వేరే ఊళ్ళో పశువుల క్యాంపులో ఉన్నాను. మూడో రోజుకి గానీ పరామర్శకి వెళ్ళలేకపోయాను. చావు జరిగిన ఇంటి పద్ధతులు తెలిసినవే. వచ్చినవాళ్ళని ఎవరూ రండి అనరు. కాఫీలుండవు. కాసేపు కూర్చుని, చెప్పకుండా లేచిపోవాలి. వెళ్ళొస్తాను అనే మాట అనకూడదు, వాళ్ళు కూడా మళ్ళీ రండి అనరు. ఎంత దగ్గరవాడైనా ఆ ఇంట్లో విజిటరే. మాస్టారుంటే ఈ ఉదాహరణని గీతకి ఏ పక్కన వేసేవారో అనుకుంటూ కూర్చున్నాను. పడక్కుర్చీ మడిచి గోడకి ఆనించి ఉంది. కర్ర దాని పక్కనే ఉంది.

అమ్మగారు నన్ను చూసి దగ్గరికొచ్చి కూర్చున్నారు. తర్వాత మెల్లగా, "మీరు రావడం మానేసేక రోజూ కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారండి డాక్టరు గారూ," అన్నారు.

"ఎందుకండీ?"

"మీ కోసమేనండి. గేదె లేదుగా, ఇప్పుడొస్తే డాక్టరు గారు గెస్టుగానే రావాలి అనేవారు. చెప్పు ఎక్కడ దాచాలో కూడా చూసి పెట్టుకున్నారు. కుడితి గోలెం ఖాళీగా పడుంది, అందులో వేస్తాను, ఆయన సాయంత్రం దాకా వెతుక్కుంటారు అని ఒక్కరే నవ్వుకునేవారు."

అడిగాను. "మరి అన్నేళ్ళూ నా చెప్పులు వీధి వైపు తిప్పి పెట్టింది..."

"మీ చెప్పులు ఎలా దాస్తారండీ? ఏ ఊళ్ళో ఎవరి గేదె ఈనుతోందో, ఎవరు మీ కోసం గుమ్మంలో నిలబడి చూస్తున్నారో. డాక్టరు గారిని ఆపితే నోరులేనిదాని ఉసురు తగులుద్ది, చెప్పులు తిప్పుకునే ఆలస్యం కూడా అవ్వకూడదు అనేవారు. మీరు పాకలోకెళ్ళగానే లేచి వెళ్ళి వంగి సరిచేసేవారు. మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని ఆ వంగడమేంటి, కర్ర ఉందిగా అని నేను కసిరేదాన్ని. కర్రతో లాగేది గెస్టు చెప్పులేగానీ డాక్టరు గారివి కాదు అనేవారు."

"చేత్తోనా అండీ?"

"చేత్తోనేనండి," అన్నారు అమ్మగారు. "రెండు చేతుల్తోనూ."

ఆయన వయసెక్కడ, నా వయసెక్కడ. నేను పేడలో తిరిగొచ్చిన చెప్పులవి. పదకొండేళ్ళు వాటిని చూసి పళ్ళు నూరుకున్నాను. అక్కడ అందరూ ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చేశాను. నాకు సిగ్గేసింది, బెంగేసింది, ఒక్కసారి ఆయన్ని లేపి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

లేచి, పద్ధతి ప్రకారం ఏమీ చెప్పకుండా అరుగు దిగాను. నా చెప్పులు నేను విడిచినట్టే ఉన్నాయి, వేళ్ళ వైపు ఇంట్లోకి తిరిగి. వాటిని తిప్పేవాళ్ళు లేరు. కుడికాలిది వేసుకున్నాను. ఎడమకాలిది చేత్తో తీసి, చొక్కా చాటున పెట్టుకుని పెరట్లోకి నడిచాను. పాక ఖాళీగా ఉంది. కుడితి గోలెం అడుగున ఎండిన తవుడు చారలున్నాయి. చెప్పుని అందులో పెట్టి, పైన ఒక గోనెసంచి కప్పి, ఆకాశంలోకి చూస్తూ బయటికొచ్చేశాను. మాస్టారు ఎలా నడిచేవారో అలాగే నడవాలని చూశాను గానీ నాకంత చాతకాలేదు.

ఉత్తి కాలితో బండి గేరు మార్చడం ఎంత నొప్పో అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చేసరికి నా భార్య గుమ్మంలోనే ఉంది. నా కాళ్ళవైపు చూసింది. అడిగింది.

"దాచేరా?"

"దాచారు," అన్నాను.

కర్మకాండలన్నీ అయిపోయి, చుట్టాలందరూ వెళ్ళిపోయాక ఒక ఉదయం అమ్మగారు ఫోన్ చేశారు. గొంతు ఇంకా పూర్తిగా తేరుకోలేదు. "డాక్టరు గారూ, పెరడు శుభ్రం చేయిస్తుంటే గోలెంలో చెప్పొకటి దొరికిందండి. ఎడమకాలిది."

"ఎవరిదండీ?" అన్నాను.

"ఎవరో గెస్టుది అయ్యుంటుంది. మధ్యాహ్నం భోజనం వేళకి వచ్చి తీసుకెళ్ళమని చెప్పండి. పనసపొట్టు కూర చేస్తున్నాను."

ఆ రోజు డ్యూటీకి సెలవు పెట్టి, ఫోను ఇంట్లోనే వదిలేసి, కుడికాలికి ఒక్క చెప్పు వేసుకుని బండి తీశాను.